పగలు కొలువు.. రాత్రి తెలుగు

చిరు వెబ్ సంస్థల ఉద్యోగుల మక్కువ తెరపై అక్షరమైన వైనం

డోంగ్లి: “మా పోరడు పట్నంల వెబ్‌సైట్లు తయారుజేసే కంపెనీల ఉన్నడు సారూ. పొద్దంత ఆఫీసు పని జేస్తడు. రాత్రి పదింటికి మళ్ల కంప్యూటర్ ముంగట కూసుంటడు. ఇంకా పని ఒడువలేదా బిడ్డా అంటే, ఇది ఆఫీసు పని కాదు బాపూ, నాకు ఇష్టమైన పని అంటడు. దానికి జీతం రాదట. గిదేం కొలువు?”

డోంగ్లిలో టీ హోటల్ వద్ద ఒక రైతు ఇటీవల ఈ విలేకరిని అడిగిన ప్రశ్న ఇది. ఆయన కుమారుడు హైదరాబాద్‌లో పన్నెండు మంది పనిచేసే చిన్న వెబ్ సంస్థలో ఉద్యోగి. ఇంటి అప్పు తీరలేదు, పెళ్లి కాలేదు. ఉన్న తీరిక సమయాన్ని డబ్బు రాని పనికి వెచ్చించడమేమిటన్నది తండ్రి ఆవేదన.

ఆ ఇష్టమైన పని ఏమిటని ఆరా తీయగా తెలిసిన సంగతి ఆసక్తికరమైనదే. మన సరిహద్దు గ్రామాల్లో వాడుకలో ఉన్న వ్యవసాయ పనిముట్ల పేర్లను తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లో సేకరించి, ఎవరైనా వెతుక్కునేలా ఒకచోట పేర్చాలన్నది ఆ యువకుని సంకల్పం. విత్తనం వేసే సాధనాన్ని మనం గొర్రు అంటాము. సరిహద్దు దాటి దెగ్లూర్ వైపు వెళ్తే తిఫణ్ అంటారు. బీదర్ వైపు కన్నడిగులు కూరిగె అంటారు. మూడు భాషలు కలిసే ఈ ప్రాంతంలో ఒకే ఇంట్లో మూడు మాటలూ వినిపించడం కొత్త కాదు. అయితే ట్రాక్టర్ వచ్చిన తరువాత ఆ పనిముట్లతోపాటు పేర్లూ మరుగున పడుతున్నాయి. రాత్రిపూట ఫోన్ చేసి ‘బాపూ, మేడికి మరాఠోళ్లు ఏమంటరు’ అని కొడుకు అడుగుతున్నాడని, తాను నిద్రలో నుంచి లేచి చెబుతున్నానని ఆ రైతు వాపోయారు. వాపోతున్న స్వరంలో కొంత గర్వం కూడా ధ్వనించిందనుకోండి.

ఆయన ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. పెద్ద కంపెనీల పేర్లు ఊళ్లో అందరికీ తెలుసు. చిన్న వెబ్ సంస్థలో పని ఎలా ఉంటుంది, ఉద్యోగి సొంత మక్కువకు అక్కడ చోటెంత, దానివల్ల లాభమా నష్టమా అన్న విషయాలు తల్లిదండ్రులకు చెప్పేవారు లేరు. నేడు డోంగ్లిలో మొబైల్ చేతబట్టిన వారు చదువుతున్న తెలుగు వెనుక కూడా ఇటువంటి జీతం లేని రాత్రిపని ఎంతో ఉన్నదన్న సంగతి మరీ కొద్దిమందికే తెలుసు.

ఒక్కరే ముగ్గురు

వెబ్ సంస్థ అనగానే గచ్చిబౌలిలోని అద్దాల భవనాలు మనసులో మెదులుతాయి. అయితే పది, పదిహేను మందితో అమీర్‌పేట, కూకట్‌పల్లి వంటి చోట్ల అపార్ట్‌మెంటు గదుల్లో నడిచే సంస్థలు అనేకం. పాఠశాలలు, ఆసుపత్రులు, దుకాణాలు, పెళ్లి మండపాలకు వెబ్‌సైట్లు తయారు చేసి ఇవ్వడం, వాటి బాగోగులు చూడటం వీటి పని. పేజీ ఎలా కనబడాలో గీసేవారు ఒకరు, దానిని నడిపించే ప్రోగ్రామ్ రాసేవారు ఒకరు, అందులోని విషయం రాసేవారు ఒకరు, సర్వర్ చూసేవారు ఒకరు ఉండాలి. చిన్న సంస్థలో ఈ పనులన్నీ విడివిడిగా ఉండవు. ఒక్కరే ముగ్గురి పని చేయవలసి ఉంటుంది. పూర్వం చిన్న ప్రెస్సులో అక్షరాలు పేర్చిన కంపోజిటరే ప్రూఫులు దిద్ది, కరపత్రాలు కట్టలు కట్టి, బస్టాండుకు మోసుకువెళ్లినట్లే ఇదీ.

ఇటువంటి చోట మనిషి ఇష్టాలు దాగవు. ఫొటోలు తీసే అలవాటున్న ఉద్యోగి ఖాతాదారుని దుకాణం ఫొటోలు తానే తీస్తాడు. పుస్తకాలు చదివే వ్యక్తి చేతికి రాత పని తనంత తానే వచ్చి చేరుతుంది. బొమ్మలు వేసే అమ్మాయి శుభలేఖ పేజీలో ముగ్గు వేస్తుంది. పెద్ద సంస్థలో నియామకానికి డిగ్రీ, మార్కులు చూస్తారు. చిన్న సంస్థ యజమాని తరచుగా అడిగే ప్రశ్న ‘నీ అంతట నువ్వు ఏం తయారు చేశావు, చూపించు’ అన్నదే. బాన్సువాడలోనో, బిచ్కుందలోనో డిగ్రీ చదివిన విద్యార్థికి ఇది పెద్ద ఊరట. సొంతంగా నడిపిన చిన్న వెబ్‌సైటే అతనికి సిఫారసు లేఖ. కాబట్టి రాత్రిపూట చేసే పనికి జీతం రాకపోయినా విలువ లేదనడం సరికాదు. అయితే ఆ విలువ ఎవరి ఖాతాలో పడుతుందన్నది వేరే ప్రశ్న.

బస్సు డ్రైవరే తపాలా

ఈ విలేకరి వార్తలు రాయడం మొదలుపెట్టిన కాలంలో డోంగ్లి నిజామాబాద్ జిల్లా మద్నూర్ మండలంలో ఒక గ్రామం. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబర్ 11న, డోంగ్లి మండలం 2022లో ఏర్పడ్డాయి. 2003లో వార్తను తెల్లకాగితంపై చేతితో రాసి, కవరులో పెట్టి, మద్నూర్‌లో ఆర్టీసీ బస్సు డ్రైవరుకు అందజేసేవాళ్లం. బాన్సువాడ మీదుగా అది నిజామాబాద్ చేరేది. బస్సు దారిలో ఆగిపోతే వార్తా ఆగిపోయేది.

తరువాత డీటీపీ సెంటరులో టైపు చేయించి పంపమన్నారు. అక్కడే అసలు చిక్కు వచ్చింది. ఒక ఫాంటులో టైపు చేసిన వార్తను ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, గీతలు కలగలిసి దర్శనమిచ్చేవి. ఒకసారి పత్తి రైతుల ధర్నా గురించి పంపిన ఇరవై పంక్తుల వార్త ఆ విధంగానే గల్లంతైంది. మరునాడు పత్రికలో వార్త లేదు. ధర్నా చేసిన రైతులు మాత్రం నన్నే నిలదీశారు.

దీనికి కారణం సాంకేతికమైనది. ఆనాటి తెలుగు ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత స్థానం లేదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తలకట్టు, దీర్ఘం, ఒత్తు వంటి ముక్కలను కూర్చేవారు. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లిషే. మనకు మాత్రం తెలుగులా కనిపించేది. ఏ ముక్క ఎక్కడ ఉండాలన్నది ప్రతి ఫాంటు తయారీదారూ తనకు తోచినట్లు నిర్ణయించారు. వెబ్‌సైట్లలోకి వచ్చిన తెలుగు పత్రికలు కూడా తొలినాళ్లలో వేటికవి సొంత ఫాంట్లు వాడాయి. ఒక పత్రికలోని వార్తను మరోచోట అతికిస్తే చదవడానికి వీలయ్యేది కాదు. ఫలానా ఊరి పేరుతో వెతికితే ఏమీ దొరికేది కాదు.

ఊరి పేరు ఏడు అంకెలు

ఈ చిక్కుకు విరుగుడు యూనికోడ్. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ ఒక్కో సంఖ్యను శాశ్వతంగా కేటాయించే ప్రమాణం ఇది. 1991లో వెలువడిన తొలి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు తెలుగువి. ‘అ’ సంఖ్య 3077. ‘క’ సంఖ్య 3093. డోంగ్లి అన్న పేరు కంప్యూటర్‌కు ఏడు సంఖ్యల వరుస. డ 3105, ఓత్వం 3147, సున్న 3074, గ 3095, పొల్లు 3149, ల 3122, గుడి 3135. అమెరికాలో తెరిచినా, మద్నూర్‌లో తెరిచినా ఆ ఏడు సంఖ్యలు మారవు. ఫాంటు మారితే అక్షరం సొగసు మారుతుందే కాని పేరు చెడదు.

ప్రమాణం ఉన్నంత మాత్రాన తెలుగు రాదు. టైపు చేసే సాధనం కావాలి. పాత ఫాంట్లలో చిక్కుకున్న వాటిని వెలికితీసే ఉపాయం కావాలి. చూడముచ్చటైన ఫాంట్లు కావాలి. అన్నింటికీ మించి చదవడానికి ఏదో ఒకటి అందులో ఉండాలి. 2000 దశకం తొలినాళ్లలో తెలుగు కోసం ఈ పనులకు పెట్టుబడి పెట్టేవారు అరుదు. వేరే ఉద్యోగాల్లో ఉన్నవారు, సెలవు దినాల్లో, రాత్రివేళల్లో వీటిని తలకెత్తుకున్నారు.

మొదటి అడుగు ఇంకా ముందే పడింది. 1990 దశకం తొలినాళ్లలో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఉన్న రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిష్ మీటలతో తెలుగు రాసే పద్ధతిని రూపొందించారు. దానికి ఆర్‌టీఎస్ అని పేరు. చిన్న ‘డి’ కొడితే ద, పెద్ద ‘డి’ కొడితే డ వచ్చే ఏర్పాటు అది. తెలుగు కీబోర్డు ఎరుగని వారు సైతం రాయగలిగారు. ప్రవాసులైన తెలుగువారు దానితోనే ఉత్తరాలు, పద్యాలు, వాదోపవాదాలు నడిపారు. 1998లో కేవీఎస్ రామారావు, కొలిచాల సురేశ్, విష్ణుభొట్ల లక్ష్మన్న ‘ఈమాట’ వెబ్ పత్రికను స్థాపించారు. పాతికేళ్లు దాటి నడిచిన పత్రిక అది.

పాత ఫాంట్ల చెర నుంచి తెలుగును విడిపించిన పనిముట్టు ‘పద్మ’. అమెరికాలో ఉంటున్న వెన్న నాగార్జున దీనిని రూపొందించారు. పత్రికల సొంత ఫాంట్లలో ఉన్న పేజీని బ్రౌజరులోనే యూనికోడ్‌లోకి మార్చి చూపే చిన్న ప్రోగ్రామ్ అది. 2003 డిసెంబర్ 10న తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టినదీ ఆయనే. పద్మ ప్రోగ్రామ్‌ను ఆయన ఉచితంగా, లోపలి రాతతో సహా అందరికీ ఇచ్చారు. ఆ ఔదార్యం ఫలితం మరోచోట కనిపించింది. 2006లో ‘వీవెన్’ అన్న పేరుతో రాసే యువకుడు పద్మ ఆధారంగానే ‘లేఖిని’ని తయారు చేశారు. పైగడిలో ఇంగ్లిష్ మీటలతో రాస్తే కిందిగడిలో తెలుగు ప్రత్యక్షమవుతుంది. దేనినీ కొనవలసిన పని లేదు. ఇంటర్‌నెట్ కేంద్రంలో గంటకు డబ్బు కట్టి కూర్చున్న పల్లె విద్యార్థి సైతం తెలుగులో రాసే వీలు కలిగింది. చేతితో రాసి బస్సుకు ఇచ్చిన ఈ విలేకరి తొలిసారి సొంతంగా తెలుగు టైపు చేసింది కూడా లేఖినిలోనే. అదే ఏడాది వీవెన్ తెలుగు బ్లాగులన్నింటినీ ఒకచోట చూపే ‘కూడలి’ని ప్రారంభించారు.

ఫాంట్ల సంగతి మరీ శ్రమతో కూడినది. తెలుగులో అక్షరాలు యాభై పైచిలుకే అయినా, గుణింతాలు, ఒత్తులు కలిస్తే వందలాది రూపాలను ఒక్కొక్కటిగా గీయవలసి ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఈ బాధ లేదు. సిలికానాంధ్ర సంస్థ కోసం గుత్తుల పురుషోత్ కుమార్ గీసిన పలు ఫాంట్లు నేడు ఎవరైనా ఉచితంగా వాడుకునేలా గూగుల్ ఫాంట్ల జాబితాలో ఉన్నాయి. ధూర్జటి, రామభద్ర వంటి పేర్లతో వెలువడిన ఆ వరుసలో సురవరం ఒకటి. 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించి నిజాం రాజ్యంలో తెలుగు అక్షరానికి ఊపిరిపోసిన సురవరం ప్రతాపరెడ్డి పేరు తెలంగాణ పాఠకునికి గుర్తు చేయవలసిన అవసరం లేదు.

రెండవ ఆదివారం

ఈ మక్కువలు హైదరాబాద్‌లో ఒకచోట చేరిన తీరు కూడా చెప్పుకోదగినది. 2006 నుంచి తెలుగు బ్లాగర్లు నెలకొకసారి, రెండవ ఆదివారం నాడు సమావేశమయ్యేవారు. యూసుఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కు వారి వేదికల్లో ఒకటి. సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, పాత్రికేయులు, ఉపాధ్యాయులు చెట్ల కింద కూర్చుని తెలుగు టైపింగు గురించి, పదాల అనువాదం గురించి చర్చించుకునేవారు. ‘ఈ-తెలుగు’ సంఘం వారి కృషి నుంచి పుట్టినదే. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో బల్ల వేసుకుని, వచ్చినవారికి కంప్యూటర్‌లో తెలుగు రాయడం నేర్పారు. ‘కంప్యూటర్‌లో తెలుగు వస్తుందా’ అని అడిగిన కాలం అది.

వికీపీడియాలో జరిగిన పని మన వంటి గ్రామాలకు నేరుగా సంబంధించినది. ఉమ్మడి రాష్ట్రంలోని గ్రామాలకు ఒక్కో పేజీ ఉండాలని ఔత్సాహికులు పూనుకున్నారు. వేల సంఖ్యలో పేజీలను చేతితో సృష్టించడం అసాధ్యం కనుక ప్రోగ్రామ్‌ల సహాయంతో సృష్టించి, తరువాత ఒక్కొక్కటిగా దిద్దుతూ వచ్చారు. జనాభా లెక్కల్లోని వివరాలు చేర్చారు. డోంగ్లికి అందులో పేజీ ఉంది. మండలం మారినప్పుడు, జిల్లా మారినప్పుడు ఎవరో ఒకరు కూర్చుని వాటిని సవరించవలసి ఉంటుంది. అలా సవరించేవారికి జీతభత్యాలేమీ లేవు. నేడు తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలున్నాయి.

మక్కువ నుంచి కొలువు పుట్టిన ఉదాహరణలు కూడా ఉన్నాయి. ఇంజినీరు జీవి 1999లో సినిమాపై ఇష్టంతో ‘ఐడిల్‌బ్రెయిన్’ వెబ్‌సైట్ ప్రారంభించారు. శుక్రవారం సినిమా విడుదలైతే ఆయన సమీక్ష కోసం విదేశాల్లోని తెలుగువారు ఎదురుచూసే స్థితి ఏర్పడింది. బ్లాగరు, వికీపీడియా రచయిత అయిన చావా కిరణ్ 2010లో ‘కినిగె’ పేరిట తెలుగు ఈ-పుస్తకాల విక్రయ సంస్థను హైదరాబాద్‌లో నెలకొల్పారు. పుస్తకం అంటే ఇష్టం లేనివారు ఇటువంటి సంస్థలో నిలవడం కష్టం. పాత డీటీపీ ఫైలును యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి. పద్యంలో పాదం విరిగిపోతుంది. యంత్రం దానిని పట్టుకోలేదు. తెలుగు చదివే అలవాటున్న కన్ను మాత్రమే పట్టుకుంటుంది. పాఠకునిగా మనిషికి ఉన్న మక్కువే అక్కడ వృత్తి నైపుణ్యం.

పాశ్చాత్యుల అనుభవం

ఉద్యోగి ఇష్టానికి పని వేళల్లోనే చోటు కల్పించడం అమెరికా కంపెనీల్లో కొత్త కాదు. త్రీఎం కంపెనీ సిబ్బందికి పని సమయంలో 15 శాతం సొంత ఆలోచనలకు వాడుకునే వీలు కల్పించింది. అక్కడ పనిచేసిన ఆర్ట్ ఫ్రై చర్చిలో పాటలు పాడేవారు. పాటల పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న కాగితపు ముక్కలు జారిపోతుండటంతో, సహోద్యోగి స్పెన్సర్ సిల్వర్ అంతకుముందు కనుగొన్న బలహీనమైన జిగురును కాగితానికి పూసి చూశారు. 1980లో దేశమంతటా అమ్మకానికి వచ్చిన అంటుడు చీటీల పుట్టుక అదే. ఆఫీసుల్లో ఫైళ్లపై అంటించే పసుపు చీటీల వెనుక ఒక గాయకుని చికాకు ఉన్నదన్నమాట.

గూగుల్ సంస్థ 2004లో వాటాదారులకు రాసిన లేఖలో తమ ఉద్యోగులు సమయంలో 20 శాతాన్ని సంస్థకు మేలు చేస్తాయని తాము భావించే సొంత ఆలోచనలపై గడపవచ్చని పేర్కొంది. ఐఐటీ మద్రాసులో చదివిన కృష్ణ భరత్ 2001 సెప్టెంబర్ 11 దాడుల తరువాత ఒకే వార్తను వేర్వేరు పత్రికలు ఎలా రాశాయో పక్కపక్కన చూసుకోవాలనుకున్నారు. ఆ కోరికే 2002లో గూగుల్ న్యూస్‌గా రూపుదాల్చింది.

చిన్న సంస్థల్లో ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ షికాగోకు చెందిన థర్టీసెవెన్ సిగ్నల్స్. 1999లో వెబ్‌సైట్లు తయారు చేసే కొద్దిమంది బృందంగా మొదలైంది. పనులను క్రమంలో పెట్టుకునేందుకు 2004లో ‘బేస్‌క్యాంప్’ను రూపొందించింది. దానిని నిర్మించిన డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్ తనకు ఇష్టమైన రూబీ భాషలో పనిచేసి, ఆ క్రమంలో తయారైన ‘రైల్స్’ పనిముట్టును అదే ఏడాది ప్రపంచానికి ఉచితంగా ఇచ్చారు. అసంఖ్యాకమైన వెబ్‌సైట్లు దానిపై నడిచాయి. కారు పందేలంటే ప్రాణమిచ్చే ఆయన 2014లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో విజేత బృందంలో ఒకరు. ఇదే సంస్థ 2021 ఏప్రిల్‌లో కార్యాలయ వేదికలపై రాజకీయ, సామాజిక చర్చలు వద్దని ఆదేశించగా, సుమారు మూడోవంతు సిబ్బంది సంస్థను వీడి వెళ్లారు. యజమాని మక్కువకు దక్కిన చోటు ఉద్యోగి మనసులోని మాటకు దక్కలేదని విమర్శలు వచ్చాయి. మనిషి మొత్తంగా ఆఫీసుకు రావాలా, పనిచేసే చేతులు మాత్రమే రావాలా అన్న తగవు అక్కడా తేలలేదు.

సంతకానికి ముందు

ఇక మన పిల్లల సంగతికి వద్దాం. ఉద్యోగంలో చేరేటప్పుడు చేతికిచ్చే ఒప్పంద పత్రాన్ని చదవకుండా సంతకం చేయడం పరిపాటి. పది పన్నెండు పేజీల ఇంగ్లిష్ కాగితం చదివే ఓపిక, ధైర్యం తొలి ఉద్యోగంలో ఉండవు. అసలు సంగతి అందులోనే ఉంటుంది.

కాపీరైటు చట్టం 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య కృతి కిందే లెక్క. సెక్షన్ 17లోని ‘సి’ ఖండం ప్రకారం ఉద్యోగ విధుల్లో భాగంగా తయారు చేసిన కృతికి, వేరే ఒప్పందం లేనిపక్షంలో, యజమానే మొదటి హక్కుదారు. విధుల్లో భాగం కాకుండా, సొంత సమయంలో, సొంత కంప్యూటర్‌పై చేసినది మామూలుగా ఉద్యోగిదే. అయితే ఉద్యోగకాలంలో చేసిన సమస్తం సంస్థకే చెందుతుందని కొన్ని ఒప్పందాల్లో రాసి ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాత్రి చేసిన పని కూడా వివాదానికి దారితీయవచ్చు. కాబట్టి సొంత పనికి సొంత యంత్రం, సొంత ఈమెయిల్ వాడటం, చేరేముందే ఫలానా పని చేస్తున్నానని రాతపూర్వకంగా తెలిపి అనుమతి పొందడం క్షేమం.

రెండవ ఉద్యోగం వేరు, మక్కువ వేరు. 2022 సెప్టెంబర్‌లో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ ఒకేసారి పోటీ సంస్థల్లోనూ పనిచేస్తున్న 300 మందిని తొలగించినట్లు వెల్లడించారు. అంతకు ఒక నెల ముందు, అంటే ఆగస్టులో, స్విగ్గీ సంస్థ మాత్రం పని వేళల తరువాత, సంస్థ వ్యాపారానికి భంగం లేని బయటి పనులు చేసుకోవచ్చని షరతులతో అనుమతించింది. ఒకే ఏడాదిలో రెండు సంస్థలు రెండు దారులు పట్టాయి. వికీపీడియాలో వ్యాసం రాయడం, పదాల పట్టిక కూర్చడం పోటీ వ్యాపారం కాదు. అయినా దానిని చెప్పి చేయడానికి, చెప్పకుండా చేయడానికి తేడా ఉంది.

మరో ప్రమాదం చట్టానికి అందనిది. ‘ఇష్టంగా చేస్తున్నావు కదా’ అంటూ ఆదివారం కూడా పిలిపించుకునే యజమానులు ఉంటారు. ఇష్టం ఉన్నవాడు కాదనలేడు. ఈ సంగతి గ్రామీణ విలేకరికి ఒకరు చెప్పవలసిన పని లేదు. అచ్చయిన వార్త పొడవును కొలిచి లెక్కగట్టిన కాలంలో మా పారితోషికం పెట్రోలుకు చాలేది కాదు. సోయా, కంది పంటలే ఇల్లు నడిపాయి, నడుపుతున్నాయి. అయినా రాయడం మానలేదు. మా ఇంట్లోనూ ‘గిదేం కొలువు’ అన్న ప్రశ్న వినబడుతూనే ఉంది. ఈ కథనానికి ఆ రైతు మాట చెవిన పడటమే కారణమని చెప్పినా, నిజానికి అది నాకు ఇరవై ఏళ్లుగా పరిచయమైన ప్రశ్నే.

ఒక్కరిపై నిలిచిన ఇల్లు

ఇంత శ్రమతో కట్టినవి నిలుస్తాయన్న హామీ కూడా లేదు. వెబ్‌సైట్ పేరుకు ఏటా రుసుము కట్టాలి. సర్వర్‌కు అద్దె కట్టాలి. నడిపేవారికి పెళ్లి కావచ్చు, ఉద్యోగం మారవచ్చు, ఆరోగ్యం చెడవచ్చు. ఒక్క ఏడాది రుసుము కట్టడం మరిస్తే పదేళ్ల పని తెర మీద నుంచి తొలగిపోతుంది. పెద్ద సంస్థల నీడన ఉన్నవాటికీ రక్షణ లేదు. యాహూ సంస్థ 2009 అక్టోబర్‌లో అమెరికాలో జియోసిటీస్‌ను మూసివేయగా లక్షలాది సొంత పేజీలు మూతపడ్డాయి. 2014 సెప్టెంబర్ 30న గూగుల్ ఆర్కుట్‌ను మూసివేసినప్పుడు మన కళాశాల విద్యార్థులు ఎందరో పాత ఫొటోలు, స్నేహితుల మాటలు పోగొట్టుకున్నారు. పద్మ వలె లోపలి రాతతో సహా నలుగురికీ ఇచ్చినవి ఒకరు ఆపినా మరొకరి చేతిలో కొనసాగుతాయి. పదాల పట్టిక వంటి వాటిని వికీపీడియా సోదర ప్రాజెక్టు అయిన విక్షనరీలో చేర్చితే రుసుము బాధ ఉండదు, ఒక్కరిపై భారమూ ఉండదు. విక్షనరీ తెలుగులోనూ ఉంది.

ఈ సంగతులన్నీ ఆ రైతుకు టీ హోటల్ బల్ల మీదే వివరించాను. ఆయన మొత్తం విని, కుమారునికి ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. ఒప్పంద పత్రంలో ఏముందని అడిగితే, ‘చూడలేదన్నా, సంతకం పెట్టిన’ అని అతను బదులిచ్చాడు. మరుసటి వారం చదివి చెప్పాడు. ఉద్యోగకాలంలో చేసిన ప్రతి పనీ సంస్థదేనన్న వాక్యం ఏడవ పేజీలో ఉంది. పదాల పట్టికకు మినహాయింపు ఇవ్వాలని యజమానికి లేఖ రాశాడు. ‘దానికేముంది, ఇద్దాం’ అని ఆయన నోటిమాటగా అన్నారట. కాగితం మాత్రం ఇంకా చేతికి రాలేదు. అప్పటివరకు పట్టికను ఆఫీసు కంప్యూటర్ నుంచి తీసి సొంత నోటుపుస్తకంలో చేతితో రాసుకుంటున్నాడు. ఇప్పటికి మేడి, కాడి, గొర్రు, గుంటుక వరకు పూర్తయ్యాయి. గుంటుకకు బీదర్ వైపు ఏమంటారో తండ్రికి తెలియలేదు. శనివారం సంతకు కన్నడ రైతులు వస్తారు, అడిగి చెబుతానన్నారు.